నల్లాకు కట్టిన రుమాలు

"జల్ది కానియ్యి. అవ్వ మలుపు తిరిగిందంటె ఐదు నిమిషాల్ల ఇంట్ల ఉంటది," అన్నాడు రమ్య పెనిమిటి మధుకర్ గేటు దగ్గర కాపలా నిలబడి.

రమ్య బోరు నల్లా మూతికి కట్టి ఉన్న, కారే చుక్కలతో ఎప్పుడూ తడిసే ఉండే తెల్లగుడ్డ ముడిని గోళ్ళతో విప్పుతోంది. నిన్న ఇదే వేళకు ఒకసారి విప్పింది, మళ్ళీ కట్టింది. సొంత ఇంట్లో, సొంత నల్లా దగ్గర, పొద్దు పొడిచాక దొంగతనం చేయాల్సిన గతి పట్టింది ఆమెకు.

పక్కన మార్కండేయ మంచు డబ్బా తెరిచి పట్టుకున్నాడు. నిజామాబాద్ నీళ్ళ పరీక్షల ల్యాబ్ తరఫున ఊరూరా తిరిగి సీసాలు నింపుకొచ్చే మనిషి. గుడ్డ ఉండగానే ఒక సీసా నింపి డబ్బాలో పెట్టేశాడు. గుడ్డ లేకుండా రెండోది పట్టాలి.

రమ్య స్పిరిట్లో తడిపిన దూదిని చిమటాతో పట్టుకుని ముట్టించి, నల్లా మూతి చుట్టూ తిప్పింది. ఆ తర్వాత నీళ్ళు ధారగా వదిలింది.

"రెండు నిమిషాలు పోనియ్యాలె," అంది.

"తొమ్మిది దినాల సంది ఎవ్వలు ముట్టని నీళ్ళు. గిప్పుడు మోరీల పోస్తున్నవ్," అన్నాడు మధుకర్.

"పైపుల నిలిచినయి పోతేనే బోరుల నీళ్ళొస్తయ్."

"గీ తెలివి ముందుగాల ఉండాలె. సంతకం వెట్టినంక గాదు."

అదిగో, మళ్ళీ అక్కడికే వచ్చింది. తొమ్మిది రోజులుగా ఏ మాట మొదలుపెట్టినా ఆ సంతకం దగ్గరే ఆగుతోంది. నల్లా వెనక సిమెంటు గోడ మీద మునిసిపాలిటీవాళ్ళు ఎర్ర రంగుతో రాసిన అక్షరాలు ఇంకా మెరుస్తున్నాయి. 'ఈ నీరు తాగరాదు.' ఆ అక్షరాలకు మూలం రమ్య ల్యాబ్‌లో చేసిన సంతకం. ఆ రోజుల్లోనే నాలుగు గుమ్మాల అవతలి నాగవ్వ మనుమరాలు దవఖానలో పడింది.

"మనిల్లని తెల్వక వెట్టిన. సీసాల మీద పేర్లుండయ్, నంబర్లుంటయ్. నలభై ఏడో నంబరు ఖరాబున్నది, ఖరాబని రాసిన. ఎన్నిసార్లు చెప్పాలె?"

"నాకు చెప్పకు. అవ్వకు చెప్పు."

"చెప్పిన. ఇంటె గద!"

మార్కండేయ ఇద్దరినీ చూసి మంచు డబ్బాలోకి తల వంచాడు. రమ్య రెండో సీసా మూత తీసి, లోపలి వైపు వేలు తగలకుండా పట్టుకుంది. అంచు నల్లాకు ఆనకుండా నింపి, పైన రెండు వేళ్ళంత ఖాళీ వదిలింది.

"గా ఖాళీ ఎందుకు? నిండ పట్టొచ్చు గద," అన్నాడు మధుకర్, కోపంలో కూడా కుతూహలం చంపుకోలేక. మోటార్లకు వైండింగ్ చేసే దుకాణం అతనిది. ఏ పని చూసినా ఎందుకని అడగకుండా ఉండలేడు.

"ల్యాబుల ఊపి కలపాలె. నిండుగ ఉంటె కలువయ్."

సీసా మంచులోకి వెళ్ళింది. రమ్య గుడ్డను మళ్ళీ నల్లాకు చుట్టి ముడి వేసింది. చూసింది. విప్పి మళ్ళీ వేసింది.

"ముడి అట్లనే వచ్చిందంటవా?"

"ముడి ముడే. నువ్వు లోపటికి రా," అన్నాడు మధుకర్.

మార్కండేయ బండి సందు దాటిందో లేదో, అటువైపు నుంచి మధుకర్ తల్లి సత్తవ్వ వచ్చింది. నెత్తిన బిందె. తన వాకిట్లో బోరు పెట్టుకుని, మూడు సందుల అవతల నల్లా దగ్గర వరుసలో నిలబడి తెచ్చిన నీళ్ళు. కోడలి ముందు నుంచే వెళ్ళింది, కోడలిని చూడలేదు. తొమ్మిది రోజులుగా ఆమె మాట్లాడాల్సిన మాటలన్నీ వంటింట్లో గిన్నెలే మాట్లాడుతున్నాయి. రమ్య చాయ్ గ్లాసు బండ మీద పడే చప్పుడును బట్టి ఆ రోజు కోపం ఎంతో ఇంట్లోవాళ్ళు అంచనా వేసుకుంటున్నారు.

బిందె దించి సత్తవ్వ ఒక్క క్షణం నల్లా వైపు చూసింది. తర్వాత కొంగుతో మొహం తుడుచుకుని లోపలికి వెళ్ళిపోయింది.

ఆ బోరు దశరథం వేయించింది. సత్తవ్వ పెనిమిటి. బోధన్‌లో ఆ సందుకు నల్లా లైను రాని రోజుల్లో తవ్వించి, ఎవరు బిందె పట్టుకొచ్చినా కాదనొద్దని ఇంట్లో అందరికీ చెప్పాడు. మొదట్లో ఇసుక వస్తోందని తన తలరుమాలు తీసి నల్లా మూతికి కట్టాడు. ఇసుక నాలుగు నెలల్లో ఆగింది. రుమాలు మాత్రం ఆగలేదు. పోయిన ఏడాది ఆయన పోయాక సత్తవ్వ ఆయన రుమాళ్ళనే ఒక్కొక్కటి చింపి, ముక్కకు పసుపు బొట్టు పెట్టి కడుతూ వచ్చింది. ప్రతి శుక్రవారం విప్పి, ఉతికి, తడిగానే మళ్ళీ కట్టేసేది. నల్లా మూతి ఖాళీగా కనిపిస్తే ఆమెకు మనసొప్పేది కాదు.

రేపు పది గంటలకు మునిసిపాలిటీవాళ్ళు వచ్చి మోటారు పీకేసి బోరుకు శాశ్వతంగా మూత బిగిస్తారు.

*

ల్యాబ్‌లో రమ్యను ప్లేట్ల గదిలోకి రానివ్వలేదు.

"నీ ఇంటి నీళ్ళు నువ్వు సూడొద్దు. రేపు ఎవడన్న అడిగితె నాకు జవాబుండాలె," అంది స్నేహలత మేడం. ల్యాబ్ పెద్ద ఆమె. ఎవరితోనూ గట్టిగా మాట్లాడదు, ఎవరి మాటా వినదు.

రమ్య బయట బెంచీ మీద కూర్చుంది. లోపల ఏం జరుగుతోందో కళ్ళు మూసుకున్నా కనబడుతోంది. నిన్న పొద్దున తెచ్చిన నీళ్ళలోంచి సీసాకు వంద మిల్లీలీటర్ల చొప్పున సన్నటి ఫిల్టరు కాగితం గుండా లాగారు. కంటికి కనబడనివి ఏమున్నా ఆ కాగితం మీదే చిక్కుకుంటాయి. దాన్ని సూక్ష్మజీవులకు మేత పరిచిన ప్లేటు మీద వేసి, నలభై నాలుగున్నర డిగ్రీల వేడి పెట్టెలో ఇరవై నాలుగు గంటలు ఉంచారు. ఆ వేడికి మామూలు క్రిములు చాలావరకు డీలా పడతాయి. మనుషుల, పశువుల పేగుల్లో పుట్టినవి మాత్రం హాయిగా పెరిగి నీలం చుక్కలై బయటపడతాయి. వాటికి వేడి కొత్త కాదు మరి.

వందల ఊళ్ళ నీళ్ళు ఇట్లా చూసింది రమ్య. ఎక్కడికి వెళ్ళినా నల్లాకు గుడ్డ కనబడితే ముందు అదే తీయించేది. తన ఇంటి నల్లాకున్న గుడ్డ మాత్రం నాలుగేళ్ళుగా ఆమె కళ్ళకు గుడ్డగా కనబడలేదు. అది మామయ్య రుమాలు.

దాన్ని పట్టించింది మార్కండేయ. మొన్న చాయ్ తాగుతూ నసిగాడు.

"మేడం, మీ ఇంటికాడ గుడ్డ తియ్యబోయిన. పెద్దమ్మ ముట్టొద్దన్నది. పసుపు వెట్టి ఉన్నది, నాక్కూడ చెయ్యి రాలే. గుడ్డ కిందనే సీసా వట్టిన."

"చీటీల రాసినవా?"

"రాయలే. తప్పే."

రమ్యకు అతన్ని తిట్టాలనిపించింది, దండం పెట్టాలనీ అనిపించింది. రెండూ చేయకుండా స్నేహలత మేడం దగ్గరికి పరుగెత్తింది. రెండు రోజులు, రెండు సార్లు, గుడ్డతో ఒకటి, గుడ్డ లేకుండా ఒకటి అని మేడం ఒప్పుకుంది.

తలుపు తెరుచుకుంది.

"గుడ్డతోటి పట్టిన ప్లేటు నిండ నీలమే. లెక్కకు అందుతలేవు," అంది స్నేహలత.

రమ్య లేచి నిలబడింది. "గుడ్డ లేకుంట?"

"సున్న. ఉట్టి శుద్ధ జలం పోసి పెట్టిన ప్లేటు గూడ సున్ననే. అంటే మన చేతుల తప్పు లేదు. ఒక్క చుక్క లేదమ్మా నీ బోరుల."

రమ్య మళ్ళీ బెంచీ మీద కూలబడింది. ఏడుపు వస్తుందనుకుంది, నవ్వు వచ్చింది. నవ్వుతుంటే కళ్ళ వెంట నీళ్ళు కారాయి. తొమ్మిది రోజుల బరువు ఒక్కసారిగా దిగిపోయింది. మార్కండేయ గ్లాసుతో నీళ్ళు తెచ్చిచ్చి, తనూ కళ్ళు తుడుచుకున్నాడు.

"జర ఆగు," అంది స్నేహలత. "ఇయ్యాల పొద్దున తెచ్చినయి గూడ గిదే మాట చెప్పాలె. రేపు ఎనిమిదిన్నరకు సూస్త. రెండు దినాలు ఒక్క మాటైతేనే నా సంతకం. అప్పటిదాక ఎవ్వలు తాగొద్దు. మునిసిపాలిటీకి ఫోన్ చేస్త గని, కాయిదం లేంది వాళ్ళు ఆగుతరో లేదో చెప్పలేను."

రమ్య బయటికి వచ్చి మధుకర్‌కు ఫోన్ చేసింది. అతను దుకాణంలో అరిచిన అరుపుకు పక్క దుకాణంవాడు ఏమైందని అడగడం ఫోన్లోనే వినబడింది. ఆ తర్వాత అతను గొంతు తగ్గించాడు.

"గుడ్డల ఉన్నయంటె... బాపు రుమాల్లనా?"

"ఊఁ."

"అవ్వకు చెప్పకు."

"ఎట్ల చెప్పకుంట?"

"పైపు జాయింటు కాడ లీకుండె, నేను బాగ చేసిన అని చెప్త. బాపు గుడ్డతోటి నాగవ్వ మనుమరాలు దవఖానల పడ్డదని తెలిస్తె అవ్వ తట్టుకుంటదా? ఆమె చెయ్యితోటి కట్టింది."

"నాగక్క మనుమరాలికి ఏ నీళ్ళతోటి బీమారొచ్చిందో ప్లేటు చెప్పది. నీళ్ళల్ల ఏమున్నదో చెప్తది, గంతే."

"గది నీకు తెలుసు. అవ్వకు తెలుస్తదా? నీకు దండం వెడ్త రమ్యా."

ఫోన్ పెట్టేసింది. బోధన్ బస్సులో కిటికీ పక్కన కూర్చుని, అటూ ఇటూ చెరుకు తోటలు పోతుంటే, పెనిమిటి చెప్పిన అబద్ధాన్ని ఒకసారి లోలోపల చెప్పి చూసుకుంది. నోటికి బాగానే తిరిగింది. అదే ఆమెను భయపెట్టింది.

*

ఇంటికి చేరేసరికి మధ్యాహ్నం మూడు. మధుకర్ అప్పటికే వచ్చి ఉన్నాడు. చేతిలో పైపులు బిగించే పాన. అబద్ధానికి సాక్ష్యం కూడా సిద్ధం చేసుకున్నాడన్నమాట. సత్తవ్వ అరుగు మీద కూర్చుని మినుములు చెరుగుతోంది.

"అవ్వ, బోరు సాఫ్ ఉన్నదట! పైపు జాయింటు కాడ జర లీకుండె. గది..."

"ముడి నాది గాదు," అంది సత్తవ్వ.

సత్తవ్వ చాట పక్కన పెట్టి కోడలి వైపు చూసింది. తొమ్మిది రోజుల తర్వాత ఆ కళ్ళు రమ్య మొహం మీద నిలిచాయి.

"నేను ఎడమ దిక్కు మడిచి రెండు ముళ్ళు వేస్త. నిన్న వచ్చి సూస్తె ఒక్కటే ముడి. ఇయ్యాల రెండున్నయి గని కుడి దిక్కున్నయి. పైనంగ దవఖాన వాసన. విప్పినవు గద?"

"విప్పిన అత్తమ్మ."

"ఎందుకు?"

మధుకర్ తల అడ్డంగా ఊపాడు. రమ్య చూసింది. చూసీ అరుగు మీద అత్త పక్కన కూర్చుంది. ఫోన్ తీసి స్నేహలత పంపిన ఫోటోలు చూపించింది.

"గిది గుడ్డ తీసి పట్టిన నీళ్ళు. ఏం లేవు, సూడు. గిది గుడ్డ ఉండంగ పట్టినయి."

సత్తవ్వ ఫోన్‌ను దూరంగా పట్టుకుని చూసింది. నీలం చుక్కల మీద వేలు పెట్టబోయి, అంటుకుంటాయేమో అన్నట్టు వెనక్కి తీసుకుంది.

"గివి ఆయన రుమాల్ల ఉన్నయా?"

"రుమాలు తప్పు గాదత్తమ్మ. ఎన్నడు ఆరని గుడ్డ, పదిమంది చేతులు తలిగే గుడ్డ. నా చున్నీ కట్టినా గంతే అయితుండె."

"ప్రతి శుక్రారం ఉతికిన గద."

"ఉతికి తడిదే కట్టినవ్. ఎండల ఆరితె, ఉడకవెడితె సస్తయ్. మనం ఒక్కనాడు ఆరనియ్యలే."

సత్తవ్వ ఫోన్ తిరిగిచ్చింది. మధుకర్ పాన కింద పెట్టాడు. ఆ చిన్న చప్పుడుకే ఉలిక్కిపడ్డాడు.

"అంటె బోరు మంచిదేనా?" అంది సత్తవ్వ.

"మంచిగనే ఉన్నది. రేపు పొద్దున ఇంకోపారి సూస్తరు. గదిగూడ సరిగుంటె కాయిదమిస్తరు."

"ఆయన వేయించిన బోరు మంచిదే," అంది సత్తవ్వ, తనకు తనే చెప్పుకుంటున్నట్టు. కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని గట్టిగా ఊపిరి వదిలింది. "గుడ్డదేమున్నది, ఇడిసేద్దాం. బోరే ఖరాబైతె ఏం జేద్దుము?"

మధుకర్ తల్లి ముందు గొంతుకూర్చున్నాడు. ఇంత తేలిగ్గా తీసుకుంటుందని అతను అనుకోలేదు. పుట్టినప్పటి నుంచి చూస్తున్న తల్లి గురించి తనకు తెలిసింది ఇంతేనా అని సిగ్గుపడ్డాడు కూడా. పడాల్సిందే.

"ఒక్కటడుగుత," అంది సత్తవ్వ కోడలితో. "మనిల్లని ముందుగాలనే తెలిసుంటె? అప్పుడేం రాస్తుంటివి?"

రమ్య తడుముకుంది. "ఇంకోపారి సీసా తెప్పిస్తుంటి. మల్ల గట్లనే వస్తె..."

"వస్తె?"

"ఖరాబనే రాస్తుంటి అత్తమ్మ."

సత్తవ్వ మొహం విప్పారింది. నవ్వు కాదు, కోపమూ కాదు.

"అగో! గీ మాట తొమ్మిది దినాల కింద చెప్పొద్దా? తెల్వక వెట్టిన, తెల్వక వెట్టిన అని ఒకటే ఏడుపు. అంటె తెలిస్తె దాస్తుండెనా గీ పిల్ల అని నాకు గుండెల వడ్డది. ఇరవై ఇండ్లోళ్ళు తాగే నీళ్ళు. నా ఇంట్లకెళ్ళి పోతున్నయి. దాసే కోడలుంటె నేనెట్ల కండ్లు మూస్త?"

అత్త కోపం ఇంటి పరువు గురించి అనుకుంది రమ్య ఇన్నాళ్ళూ. రోజూ గిన్నెల చప్పుడు విని తప్పుగా అర్థం చేసుకుంది. తల అత్త భుజం మీద వాల్చింది. సత్తవ్వ ఆ తలను తోసేయలేదు, జుట్టుకంటిన మినుముల పొట్టు దులిపింది.

"ఇగ లెవ్వు. చాయ్ తర్వాత తాగుదాం. నాగవ్వ ఇంటికి పోవాలె."

"ఇప్పుడెందుకవ్వ?" అన్నాడు మధుకర్.

సత్తవ్వ లేచి చీర కుచ్చిళ్ళు సర్దుకుంది.

"ఆయన పెద్దకర్మ నాడు అందరు అడిగిండ్రు. పెద్దమనిషి గుడ్డ మా నల్లాకు గూడ కట్టుకుంటమని. ఒక రుమాలు ఐదు ముక్కలు చింపి ఐదిండ్లకిచ్చిన. నాగవ్వ డ్రమ్ము నల్లాకు గిప్పటికి గదే ఉన్నది."

*

నాగవ్వ ఇల్లు నాలుగు గుమ్మాల అవతల. వాకిట్లో చాటలో బీడీల తునికాకు కత్తిరించుకుంటూ కూర్చుంది. మనుమరాలు సౌందర్య ఈ పొద్దునే దవఖాన నుంచి ఇంటికి వచ్చింది. లోపల మంచం మీద కూర్చుని మురుకు కొరుకుతోంది. పిల్ల మురుకు కొరకడం చూడగానే సత్తవ్వ ప్రాణం సగం కుదుటపడింది.

నాగవ్వ తల ఎత్తలేదు. తొమ్మిది రోజులుగా ఆ ఇంటికీ ఈ ఇంటికీ మాటల్లేవు.

"నాగవ్వ, బోరుల ఏం లేదట. నేను కట్టిన గుడ్డల ఉన్నయట. నీకిచ్చిన గుడ్డల గూడ ఉంటయి. పిల్లకు బీమారు దాంతోటే వచ్చిందో లేదో ల్యాబోళ్ళు చెప్పలేరట. చెప్పకున్న సరే, నా చెయ్యి ఉన్నది దాంట్ల. నీకు చెప్పాలని వచ్చిన."

కత్తెర ఆగింది. నాగవ్వ ఆకు పక్కన పెట్టి, లేచి, ఇంటి వెనక్కి వెళ్ళింది. ఏదో పీకుతున్న చప్పుడు. తర్వాత బిందె బండ మీద దొర్లిన చప్పుడు.

తిరిగి వచ్చేసరికి ఒక చేతిలో పసుపు మరకల తడిగుడ్డ, చంకలో ఖాళీ బిందె.

"నువ్వియ్యలే సత్తక్క. నేనే అడుక్కున్న," అంది. గుడ్డను సత్తవ్వ చేతిలో పెట్టింది. "ఉడకవెట్టి దండెం మీద ఆరెయ్యి. పారెయ్యకు, పెద్దమనిషిది."

అంతే అని, వాళ్ళిద్దరినీ దాటి సత్తవ్వ వాకిట్లోకి నడిచింది. బోరు నల్లాకున్న గుడ్డ తనే విప్పి గోడ మీద వేసింది. ఎర్ర అక్షరాల కింద, ఉత్త నల్లా కింద, బిందె పెట్టింది. మోటారు స్విచ్ మీద చెయ్యి వేసి రమ్య వైపు తిరిగింది.

"చెప్పు బిడ్డ. పట్టుకోవచ్చునా?"

సందులో నలుగురైదుగురు ఆగి చూస్తున్నారు. మధుకర్ కళ్ళు పట్టుకోవచ్చని చెప్పెయ్యి అంటున్నాయి. తొమ్మిది రోజుల తర్వాత వచ్చిన మొదటి బిందె. ఒక్క మాట అంటే చాలు, సందంతా మళ్ళీ ఈ వాకిట్లోకి వస్తుంది.

"రేపు పొద్దున దాక ఆగాలె నాగక్క," అంది రమ్య. "ఇంకో ప్లేటు సూడాలె."

నాగవ్వ చెయ్యి స్విచ్ మీదే ఉండిపోయింది. "ఇంక అనుమానమున్నదా?"

సందులోని చూపులన్నీ రమ్య వైపు తిరిగాయి.

"అనుమానం గాదు," అంది సత్తవ్వ ముందుకొచ్చి. "తన ఇంటి నీళ్ళు ఖరాబైతె ఖరాబని రాసే పిల్ల గిది. ఆగుమంటె ఆగుదాం. రేపు మంచియని చెప్తె, ఇగ ఎవ్వలం అడిగే పనుండది."

నాగవ్వ కాసేపు ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. స్విచ్ మీద నుంచి చెయ్యి తీసింది. బిందెను మాత్రం తీయలేదు.

"అయితె నా నంబరు మొదటిది. ఎవ్వలన్న జరిపితె ఊకోను," అని వెళ్ళిపోయింది.

పొద్దు వాలేలోపు ఆ బిందె వెనక ఇంకొకటి వచ్చి చేరింది. తర్వాత ఒక ప్లాస్టిక్ బిందె. తర్వాత మూడు బిందెలు. ఎవరు పెట్టి వెళ్ళారో ఇంట్లోవాళ్ళు చూడనేలేదు. సత్తవ్వ మిగతా నాలుగిళ్ళకూ వెళ్ళి గుడ్డలు తెచ్చి, తన గుడ్డతో కలిపి అన్నీ పెద్ద గిన్నెలో ఉడకబెట్టి, దండెం మీద వరుసగా ఆరేసి వచ్చింది. తన బిందె కడిగి అన్నిటి వెనక పెట్టింది.

రమ్య ఆ వరుసను చూస్తూ నిలబడి ఉండగా ఫోన్ మోగింది. స్నేహలత మేడం.

"మునిసిపాలిటీతోటి మాట్లాడిన రమ్యా. రేపు వాళ్ళకు వేరే పనున్నదట. పదికి గాదు, ఏడింటికే వస్తరట."

రమ్య వాకిట్లో వరుసగా ఉన్న ఖాళీ బిందెలను లెక్కపెట్టింది. ఏడు. ప్లేటు చూసేది ఎనిమిదిన్నరకు.

"ఎవ్వలు ఫోన్ల?" అంది సత్తవ్వ.

రమ్య అత్తకు దాచకుండా చెప్పింది.

సత్తవ్వ గేటు దాకా నడిచి వెళ్ళి, గొళ్ళెం ఒకసారి వేసి చూసింది, తీసి చూసింది. తిరిగి వచ్చి, వరుస చివర ఉన్న తన బిందెను బోర్లించి దాని మీద కూర్చుంది.

"వాళ్ళను ఆపేది గంటన్నరనే గద," అంది. "గిక్కడనే కూసుంట. నన్ను దాటి పొమ్మను."